ఎత్తుకొచ్చినవాళ్ల పేరు అడగరాదు

గౌరవనీయులైన హితమండలి పెద్దలకు, నాలుగో పొగదళం ఠాణా లేఖరి లెంక తారకేశు సాష్టాంగపడి చేసుకుంటున్న క్షమాపణ.

తమరు మా ఠాణా దినచర్య పంపమన్నారు. పంపుతున్నాను. చదివాక తమ మనసు నొచ్చుకుంటుందని తెలుసు కనుక ముందుగానే లెంపలు వేసుకుంటున్నాను. దినచర్యలో మంటలు, నీళ్లు, మరమ్మతులు తప్ప ఇంకేమీ రాయకూడదని నియమం. నేను వంటవాడి అలకల గురించీ, డ్రైవరు ఎర్రినాయుడి పాటల గురించీ, తమ నోటీసుల్లో వాక్యాల పొడవు గురించీ కూడా రాశాను. క్షమించాలి. మూడో పుట అంచున ఉన్న బొమ్మ గేదె అని గిట్టనివాళ్లు తమకు చెప్పవచ్చు. అది మండలివారి ముద్రను భక్తితో గీయబోగా వచ్చిన ఫలితం. నేను చదివింది బి.ఏ. చరిత్ర. ఆ చదువుతో మంటలు ఆరవని ప్రభుత్వంవారే గుర్తించి నాకు నీళ్ల గొట్టం బదులు కలం చేతికిచ్చారు. ఆ పొరపాటుకు కూడా నేనే క్షమాపణ చెప్పుకుంటున్నాను, ఇంకెవరూ చెప్పేలా లేరు కనుక.

నమోదు 211. సోమవారం.

పొద్దున్నే ముసుగులు కడిగాం. సబ్బుతో ఒకసారి, సున్నపు నీళ్లతో ఒకసారి. అయినా వాటిలోంచి మగ్గిన అనాసపండు వాసన పోలేదు. కరెంటు దాచే కొట్లు తగలబడితే వచ్చే పొగ వాసన అది. మా ఊళ్లో అనాసపండ్లు అమ్మేవాడు లేడు. పోయినేడు ఎవడో పొరుగూరివాడు బండి నిండా తెచ్చి అరిస్తే వీధి వీధంతా ముక్కులు మూసుకుని పరిగెత్తింది. పాపం వాడికి ఏమీ అర్థం కాక, వాడు కూడా పరిగెత్తాడు.

ఎర్రినాయుడు బండి కిందనుంచి తల బయటపెట్టాడు. ఆ తల అలా బయటికి వస్తే ఎప్పుడూ పాటే వస్తుంది. ఈసారి పాట రాలేదు.

"కాలేజీ, ఇటు రా. అప్పకి కాయితం వొచ్చినాది. సదివి సెప్పు."

అప్ప అంటే మా రత్నమప్ప. కాగితాల్లో బోను నూకరత్నం. నిరుటిదాకా మా దళానికి పెద్ద. లోపల ఎంత మంట ఉన్నా ముందు ఆవిడ వెళ్లేది, ఆ తరవాత మిగతావాళ్లు. ఇప్పుడు ఊపిరితిత్తులు గట్టిపడి కొండమీద గాలిమేడలో ఉంటోంది. దాని అసలు పేరు స్వచ్ఛశ్వాస నిలయం. ఆ పేరు పలకడానికి సరిపడా ఊపిరి అందులో ఉండేవాళ్లెవరికీ లేదు. పనివల్ల జబ్బుపడిన దళం మనిషికి ఆ మేడలో ఒక గది ఇస్తారు. ఆ మనిషి పోయాక గది ఇంట్లోవాళ్లకు మిగులుతుంది. ఈ ఊళ్లో అంతకంటే పెద్ద ఆస్తి లేదు. పొగ తగలని గాలి, నాలుగు గోడల మధ్య, బతికినంత కాలం.

మండలివారి కాగితం చదివాను. మొత్తం ఒకే వాక్యం. ఊపిరి బాగున్న నేనే మధ్యలో రెండుసార్లు ఆగాను. సారం ఇది: రత్నమప్ప జబ్బు పనివల్ల వచ్చింది కాదు, చేజేతులా తెచ్చుకున్నది. ఆమె వేసుకున్న మంటల తొడుగులోని యంత్రం తనంతట తాను రాసుకున్న లెక్క ప్రకారం, మంటల్లో ఉండగానే ఆమె మాటిమాటికీ ముసుగు తీసేసింది. అది జాగ్రత్త నియమాలకు విరుద్ధం. కనుక తాత్కాలికంగా ఇచ్చిన గది ఖాళీ చేయాలి. కాదంటే శుక్రవారం విచారణకు రావాలి.

"తియ్యకపోతే ఎలాగ?" అన్నాడు ఎర్రినాయుడు. "లోపలున్నోడి మొకానికి ఏటి కడతాది మరి, కొంగా?"

దళంలో ఎవరికీ రెండో ముసుగు ఉండదు. లోపల పడివున్న మనిషి దొరికితే ఎత్తినవాళ్లు తమది తీసి ఆ మనిషికి తొడుగుతారు. ఇది ఏ పుస్తకంలోనూ లేదు. కొత్తగా చేరినవాడికి ఎవరూ నేర్పరు కూడా. మొదటిరోజు పక్కవాడు చేస్తుంటే చూస్తాడు, అంతే.

నేను జోకు వేయబోయాను. రాలేదు. ఇది కూడా నమోదు చేస్తున్నాను, మా ఠాణా చరిత్రలో మొదటిసారి కనుక.

నమోదు 212. మంగళవారం.

ఎర్రినాయుడూ నేనూ గాలిమేడ ఎక్కాం. గుమ్మం దగ్గర బట్టలు దులిపించి, చెప్పులు విప్పించి, మా ముక్కుల్లోకి లైటు వేసి చూసి లోపలికి పంపారు.

రత్నమప్ప కిటికీ పక్కన కూర్చుని ఉంది. ఆ మేడ కిటికీలు చూడడానికే, తెరవడానికి కాదు. పిడిమీద ఎర్రసీలు ఉంటుంది. కింద ఊరు మసకగా, పాతపడిన ఫొటోలా కనబడుతోంది.

"ఏరా గుంటడా," అంది నన్ను చూసి. ఒక ఊపిరి తీసుకుంది. "సన్నబడిపోనావు." ఇంకో ఊపిరి. "కూడెట్టట్లేదేటి ఆల్లు?"

"పెడుతున్నారప్పా. వంటవాడే అలిగాడు."

"ఆడు పుట్టినప్పుడే అలిగినాడు."

నవ్వబోయి దగ్గింది. కూతురు మాలచ్చి చెంబుతో నీళ్లు పట్టుకుని సిద్ధంగా నిలబడింది. పద్నాలుగేళ్లుంటాయి ఆ పిల్లకి. తల్లి దగ్గు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో తెలిసినదానిలా, ఆగే క్షణానికి సరిగ్గా చెంబు అందించింది.

నేను అసలు సంగతికి వచ్చాను. "అప్పా, నీ ముసుగు పెట్టుకున్నవాళ్లలో ఒక్కళ్లు దొరికితే చాలు. ఎవరైనా గుర్తున్నారా?"

"నాకేటి తెలుసురా? సూస్తానేటి మొకం?"

అది నిజం. మా దళంవాళ్లు ఎత్తుకొచ్చినవాళ్ల పేరు అడగరు. గుమ్మం బయట చాప మీద పడుకోబెట్టి, ముసుగు తీసుకుని, ముఖం చూడకుండా వెనక్కి తిరుగుతారు. ఆ తరవాత ఆసుపత్రి బండివాళ్ల వంతు. నేను చేరిన కొత్తలో ఇదేదో మూఢనమ్మకం అనుకుని, చరిత్ర విద్యార్థినన్న గర్వంతో ఒక పెద్ద వ్యాసం రాద్దామని కూడా అనుకున్నాను.

"ఎందుకప్పా ఆ పట్టింపు? ఇప్పుడు చూడు, ఎంత పని చేసిందో."

ఆవిడ నావైపు చూసిన చూపుకి ఎర్రినాయుడు రెండడుగులు వెనక్కి వేశాడు. చూసింది నన్నయినా, వాడికది అలవాటు.

"పేరడిగినావనుకో. రేపెవుడో వొచ్చి ఆడు ఆస్పత్రిలో పోనాడంటాడు. అది ఇనేసి మల్లీ లోపలికి ఎల్లగలవా నువ్వు? కాల్లొస్తాయేటి నీకు? తెలీకపోతే... అందరూ బతికినట్టే గదరా."

ఇంత మాట ఒక్కసారి మాట్లాడినందుకు చాలాసేపు కళ్లు మూసుకుని ఉండిపోయింది.

వరండాలో మాలచ్చి మా వెంట వచ్చింది. "అన్నా, కిందికి దిగితే అమ్మ ఎన్నాళ్లుంటాదని డాక్టరుగార్ని అడిగాను. ఆయన వేళ్లమీద లెక్కెట్టారు." చేయి చూపించింది. "ఒక్క చెయ్యే సరిపోయింది."

దిగేటప్పుడు ఎర్రినాయుడు పాడలేదు.

నమోదు 213. బుధవారం.

నాలుగో బండి టైరు మార్చారు. నేను మండలి కార్యాలయానికి వెళ్లాను. విచారణాధికారి ఆకెళ్ల ప్రభాకరంగారు తమరికి బాగా తెలిసినవారే కనుక ఆయన మంచితనం గురించి విస్తరించను. కుర్చీ చూపించారు. మజ్జిగ ఇప్పించారు.

"చూడు బాబూ, నూకరత్నం అంటే నాకూ గౌరవమే. మా వీధివాళ్లనే ఆవిడ దళం కాపాడింది. సానుభూతి లేదనుకుంటున్నావా?"

"లేదనుకోవడం లేదండీ."

"ఉంది. కానీ ఈ కంప్యూటరు తెరమీద సానుభూతికి గడి లేదు. ముసుగు తీసింది ఎవరు అని అడుగుతుంది. ఆవిడే. ఎందుకు తీసింది అంటే సాక్ష్యం కావాలి. ఆ ముసుగు పెట్టుకున్న మనిషి ఒక్కరు వచ్చి, నాకు పెట్టింది ఈవిడే అని గుర్తుపడితే చాలు, నేను సంతకం పెడతాను."

"పొగలో ముఖం కనబడదు కదండీ. కనబడితే అది పొగ ఎందుకవుతుంది?"

"నువ్వు చమత్కారంగా మాట్లాడతావు," అన్నారాయన దిగులుగా. "శుక్రవారం అలా మాట్లాడకు."

ఠాణాకి వచ్చి, వాళ్లను వెతుకుదాం రమ్మని ఎర్రినాయుణ్ణి అడిగాను.

"దళం మనిసి ఎతకరాదు."

"అయితే నేను వెతుకుతాను. నేను దళం మనిషినా? ఆదివారం గారెలు పంచేటప్పుడు కాదన్నావుగా."

"గారెలప్పుడు కాదు," అన్నాడు. "దీనికి అవుతావు."

నమోదు 214. గురువారం.

కొండకింద మంచిగాలి పట్టుకునే చోట ఉదయంనుంచే వరస కడతారు. ఇంటికొకరు, చంకలో డబ్బాతో. మాలచ్చి అక్కడొక బోర్లించిన తొట్టె ఎక్కి నిలబడింది. నేను పక్కనే ఉన్నాను గానీ నోరు విప్పలేదు. తమరు దీన్ని గమనించాలి. జనాన్ని నేను పోగుచేశానని రేపు తమ కార్యాలయంలో ఎవరైనా అనవచ్చు. నాకు అంత గొంతు లేదు. ఆ పిల్లకి ఉంది.

"నేను పొగదళం రత్నం కూతుర్నండీ! మీలో ఎవరినైనా మంటల్లోంచి ఎత్తుకొచ్చారా? మీ మొకానికి ఎవరైనా ముసుగెట్టారా? మీ పేరొద్దు, ఊరొద్దు. రేపొకసారి మేడలో విచారణకి వొచ్చి మా అమ్మని సూడండి. గుర్తుపడితే సెప్పండి. పట్టకపోతే ఎల్లిపోండి."

వరసలో గొణుగుడు మొదలైంది. ఒక ముసలాయన గట్టిగా అడిగాడు.

"ఆ విచారణ గదిలో గాలెలాగుంటాదమ్మా?"

"మేడ గాలే తాతా."

"ఎంతసేపు జరుగుతాది?"

నాకు అప్పుడే అనుమానం వచ్చింది, రేపు వచ్చేవాళ్లలో సగంమంది రత్నమప్పను చూడడానికి కాక పీల్చుకోవడానికి వస్తారని. నేను వాళ్లను తప్పుపట్టను. నేనూ మొన్న మేడలో రెండు ఊపిరులు ఎక్కువే తీసుకున్నాను.

సాయంత్రం పన్నెండో కరెంటు కొట్టు అంటుకుంది. దళమంతా వెళ్లింది. ఎర్రినాయుడు బండి తీస్తూ, "రేపటికి రాలేకపోతే అప్పకి సెప్పు," అన్నాడు. ఏం చెప్పాలో చెప్పకుండానే వెళ్లిపోయాడు.

నమోదు 215. శుక్రవారం.

పన్నెండో కొట్టు ఇంకా కాలుతోంది. పొగ కొండమీదికి పాకి మేడ చుట్టూ చేరింది. కిటికీ అద్దాల అవతల పచ్చటి మబ్బు తప్ప ఏమీ కనబడలేదు. దళంనుంచి ఎవరూ రాలేకపోయారు.

విచారణ గది కిక్కిరిసింది. నేను భయపడినట్టే కొందరు కూర్చున్న చోటే కళ్లు మూసుకుని హాయిగా ఊపిరి పీలుస్తున్నారు. ఒకామె పిల్లాడి ముక్కు తుడిచి, "పీల్చుకోరా, మల్లీ ఎప్పుడో," అంటోంది. ప్రభాకరంగారు లోపలికి వచ్చి జనాన్ని చూసి గుమ్మంలోనే ఆగిపోయారు.

రత్నమప్పను చక్రాల కుర్చీలో మాలచ్చి తీసుకొచ్చింది. కుర్చీ జనంవైపు తిప్పబోతే ఆవిడ ఒప్పుకోలేదు. గోడవైపే తిప్పించుకుని కూర్చుంది. వెనకనుంచి చూస్తే జడ, భుజాలు, ముక్కు గొట్టం పట్టీ. అంతే. నేనూ మాలచ్చీ కిటికీ పక్కన సర్దుకున్నాం.

"ఇటు తిరగమ్మా," అన్నారు ప్రభాకరంగారు.

తల అడ్డంగా ఊపింది.

"వీళ్లు మిమ్మల్ని గుర్తుపట్టాలి కదా?"

మళ్లీ తల ఊపింది. ప్రభాకరంగారు నావైపు చూశారు. దళం కట్టుబాటండీ, అన్నాను నేను.

ఒక్కొక్కళ్లనీ అడిగారు. నిన్ను ఎత్తుకొచ్చింది ఈమేనా? తెలీదండీ. పొగలో కనబడలేదండీ. ఒంటిమీద స్పృహ లేదండీ. హోటల్లో వంటచేసే ఒక భారీ మనిషి చేతులు కట్టుకుని నిలబడి, "ఆడమనిసేనండీ. తిడతా ఎత్తింది. అంతవరకే గుర్తు," అన్నాడు.

"గొంతు వింటే చెప్పగలవా?"

"సెప్తానేమో బాబూ."

"నూకరత్నంగారూ, ఒక్క మాట మాట్లాడండి."

గోడవైపునుంచి గాలి పోయిన బుడగలా ఒక గుసగుస వచ్చింది. "దండాలు బాబూ."

వంటాయన తల వంచుకున్నాడు. "ఈ గొంతు కాదండీ," అన్నాడు, తనదే తప్పన్నట్టు. "అది పెద్ద గొంతు."

ప్రభాకరంగారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. తుడవడానికేమీ లేదని నాకు కనబడుతూనే ఉంది. మాలచ్చి లేచి వెళ్లి తల్లి కుర్చీ వీపు పట్టుకుంది. ఆయన తెరమీద ఏదో నొక్కడానికి వేలు ఎత్తారు.

అప్పుడు కిటికీ తెరుచుకుంది.

పొగ లోపలికి వచ్చింది. అనాసపండు వాసన ముక్కుకు తగిలిందో లేదో జనం లేచారు, బెంచీలు పడ్డాయి, గుమ్మం దగ్గర తోపులాట. ఆ గందరగోళం మధ్య, గోడవైపు తిరిగివున్న ఆ కుర్చీలోంచి, ఏడాదిగా ఎవరూ వినని గొంతు లేచింది. ఆవిడ దగ్గర లేని ఊపిరి ఎక్కడినుంచి తెచ్చుకుందో నాకు తెలియదు.

"ఎల్లకర్రా ఎక్కడికీ! కల్లు ముయ్యి! నోరు ముయ్యి, ఎదవ ఏడుపు తరవాత ఏడుద్దువు! నా మెడట్టుకో! గట్టిగా! నానున్నాను గదేటి!"

పారిపోయేవాళ్లు పారిపోతూనే ఉన్నారు. కానీ కొందరు పారిపోలేదు. వంటాయన ఉన్నచోటే ఆగి, కళ్లు గట్టిగా మూసుకుని, రెండు చేతులూ ముందుకు చాపి, లేని మెడచుట్టూ వేళ్లు పెనవేశాడు. వెనక వరసలో ఒక బస్సు కండక్టరు, ఖాకీ చొక్కాతోనే, అలాగే. గోడవార ఒక ముసలావిడ, చేతికర్ర వదిలేసి, అలాగే. పిల్లాడి ముక్కు తుడిచిన ఆమె పిల్లాణ్ణి ఒక చేత్తో గుండెకు అదుముకుని రెండో చెయ్యి గాలిలోకి చాపింది. ఇంకా ముగ్గురో నలుగురో. అందరి కళ్లూ మూసి ఉన్నాయి కనుక ఒకరినొకరు చూసుకోలేదు. పొగలో నిలబడి, తమను ఎవరో ఎత్తుకుంటారని ఎదురుచూస్తున్నవాళ్లలా ఉన్నారు.

ప్రభాకరంగారు వెళ్లి కిటికీ మూశారు. తిరిగివచ్చి వాళ్ల మధ్య నిలబడ్డారు.

"ఎందుకలా చేతులు చాపారు?"

వంటాయన కళ్లు తెరిచి తన చేతుల్ని తనే చూసుకున్నాడు. "నాను సాపలేదు బాబూ. ఆ అరుపినీసరికి అయ్యే లేచిపోనాయి."

"ఈవిడేనా?"

"ఇంకెవురండీ."

రత్నమప్ప కాలితో నేలను తన్ని కుర్చీ తిప్పుకుంది. తనంతట తాను. వాళ్లను చూసింది. ఒక్కొక్కరినీ, ముఖాలు తడుముతున్నట్టు చూసింది. దళం కట్టుబాటు ఆ క్షణంలో పోయింది. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు, ఆవిడ కూడా.

"బతికే ఉన్నారేటర్రా?" అంది.

"ఉన్నామమ్మా," అన్నాడు వంటాయన. "నీ తిట్లు తినీసి."

ఆవిడ నవ్విందో లేదో నేను చూడలేకపోయాను, దగ్గు వచ్చేసింది. ఆ దగ్గు ఆగవలసిన చోట ఆగలేదు. మాలచ్చి చెంబు పట్టుకుని నిలబడింది, అందించే క్షణం రాలేదు. పెదవులు నీలంగా మారాక నర్సులు వచ్చి పైకి తీసుకుపోయారు.

నమోదు 216. శనివారం.

పన్నెండో కొట్టు ఆరింది. దళం తిరిగొచ్చింది, అందరూ. ముసుగులు కడిగాం.

మధ్యాహ్నం తీర్పు వచ్చింది. నూకరత్నం జబ్బు పనివల్ల వచ్చినదే. గది ఆమెదే, ఆమె తరవాత కూతురిది. ఎర్రినాయుడు ఆ కాగితాన్ని నాచేత నాలుగుసార్లు చదివించుకున్నాడు. ఐదోసారి పాట ఎత్తుకున్నాడు. వంటవాడు అలక మాని పాయసం వండాడు.

నమోదు 218. సోమవారం.

తమ నోటీసు చేరింది.

మేడలో నివాసమున్నవారు కిటికీ తెరిస్తే వారి గది రద్దవుతుందన్న నియమం నాకు ఇంతవరకు తెలియదు. విచారణనాడు కిటికీ పక్కన కూర్చున్న నివాసి బోను మాలచ్చి ఒక్కతే కనుక, ఎర్రసీలు చింపింది ఆమేనని తమరు భావిస్తున్నట్టూ, మూడు రోజుల్లో గది ఖాళీ చేయవలసి ఉంటుందనీ రాశారు. ఆ పిల్లను అడిగితే కాదనలేదట, అవుననీ అనలేదట. ఎందుకు నోరు మూసుకుందో నాకు తెలుసు. అదే ఈ దినచర్యను ఒక్క పుటా చింపకుండా తమకు పంపడానికి కారణం.

శుక్రవారం నమోదు మళ్లీ చూడండి. పొగ వచ్చినప్పుడు ఆ పిల్ల రెండు చేతులూ తల్లి కుర్చీ వీపుమీద ఉన్నాయి. ప్రభాకరంగారు కూడా చూశారు, అడగండి. చాచిన ఆ చేతులు ఎవరో నేర్పితే చాచినవి కావు. ఆ సాక్ష్యాన్ని కొట్టివేయడానికి కిటికీ ఎవరు తెరిచారన్నది సరిపోదు. ఆ సంగతి కూడా ఆయన్నే అడగండి.

జనాన్ని నేను పిలవలేదు. సాక్షులకు నేనేమీ చెప్పలేదు. ప్రభాకరంగారి మజ్జిగకు బదులుగా ఏమీ ఇవ్వలేదు. తమ ముద్రను గేదెగా గీయలేదు. సరే, గీశాను, దానికి క్షమాపణ ముందే చెప్పుకున్నాను.

ఆవిడ గుసగుసగా దండాలు పెట్టినప్పుడు వంటాయన "అది పెద్ద గొంతు" అన్నాడు. ఆ పెద్ద గొంతు ఎక్కడ బయటికొస్తుందో నాకు తెలుసు. అద్దం అవతల ఏముందో తెలుసు. డాక్టరు వేళ్లమీద లెక్కపెట్టిన సంగతీ తెలుసు. పక్కన కూర్చున్న పిల్ల లేచి తల్లి దగ్గరికి వెళ్లేదాకా ఆగాను. గోటితో సీలు చింపాను. పిడి తిప్పాను.

నిన్న మేడకు వెళ్తే గుమ్మం దగ్గరే ఆపేశారు. రత్నమప్ప ఇంకా కళ్లు తెరవలేదన్నారు. పైనుంచి దగ్గు వినబడుతోంది. అందులో పాతదెంతో, శుక్రవారానిదెంతో నేను విడదీయలేను.

కిటికీ తెరిచింది నేను.